కోచ్ మారింది, లీగ్ ఆగింది: మన అమ్మాయిలకి ఆసియా కప్‌లో ఛాన్స్ ఎంత?

పలాస నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్ టీంలో వింగ్‌లో ఆడుతుంది. 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే మహిళల ఆసియా కప్‌కి ఇండియా వెళ్తోందని ఇంట్లో ఒకటే సందడి. పేపర్ తీస్తే మాత్రం ఫుట్‌బాల్ గురించి అన్నీ గొడవలే. జట్టుని అక్కడిదాకా చేర్చిన కోచ్ స్థానంలో రెండు నెలల ముందు కొత్త కోచ్ వచ్చింది. ఆడవాళ్ల లీగ్ మధ్యలో ఆగింది. మగవాళ్ల లీగ్ అయితే ఫిబ్రవరి దాకా మొదలే కాలేదు. ఇన్ని తలనొప్పుల మధ్య వీళ్లకి ఛాన్స్ ఉందా మేడం? లేక 2022లో లాగే మధ్యలో ఇంటిదారేనా?"

ఛాన్స్ ఉంది తమ్ముడూ. పెద్దదేం కాదు గానీ ఉంది. ముందు ఆ లెక్క చెప్తాను. అది తెలిస్తే ఏ గొడవకి భయపడాలో, ఏది పేపర్‌తోనే పోతుందో మీకే అర్థమవుతుంది. నేను విజయనగరంలో ఆటల టీచరుగా, అంటే పీడీగా చేసి రిటైరైనదాన్ని. ఆడపిల్లల జట్లని మీట్లకి తిప్పడంలోనే సర్వీసంతా గడిచింది. కాబట్టి ఇది టీవీ నిపుణుల మాట కాదు, గ్రౌండ్ పక్కన నిలబడినవాళ్ల మాట.

ఈ టోర్నీలో 12 జట్లు, నాలుగేసి చొప్పున మూడు గ్రూపులు. మన గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ ఉన్నాయి. చైనీస్ తైపీ అంటే తైవానే, ఆటల్లో ఆ పేరుతో దిగుతుంది. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు క్వార్టర్స్‌కి వెళ్తాయి. అక్కడికి ఆరు. ఇంకా రెండు సీట్లు మిగులుతాయి కదా, అవి మూడో స్థానంలో ఉన్న మూడు జట్లలో మెరుగైన రెండింటికి. అంటే మూడో స్థానంలో నిలిచినా ఇంటికి వెళ్లేది ఒక్క జట్టే. ఒక మ్యాచ్ గెలిచి, మిగతా రెండూ ఎక్కువ గోల్స్ ఇవ్వకుండా ఓడినా క్వార్టర్స్ చూసే వీలుంది.

ఎక్కువ గోల్స్ ఇవ్వకుండా అని ఎందుకంటున్నానంటే, పాయింట్లు సమానమైనప్పుడు గోల్స్ తేడా చూస్తారు. జపాన్ 2011లో ప్రపంచ విజేత. 2023 ప్రపంచ కప్‌లో, ఆ కప్పు చివరికి ఎత్తుకెళ్లిన స్పెయిన్‌నే గ్రూపు మ్యాచ్‌లో 4-0తో ఓడించిన జట్టు. వాళ్ల చేతిలో ఓడిపోతామన్నది అందరికీ తెలిసిందే. ఎంత తేడాతో ఓడతామన్నదే అసలు విషయం. మూడుతో ఓడితే తైపీ మ్యాచ్‌కి ప్రాణం ఉంటుంది. తొమ్మిదితో ఓడితే గెలిచినా చాలకపోవచ్చు.

క్వార్టర్స్ అవతల ఉన్నది ఇంకా పెద్దది. సెమీస్ చేరిన నాలుగు జట్లూ 2027లో బ్రెజిల్‌లో జరిగే ప్రపంచ కప్‌కి నేరుగా వెళ్తాయి. క్వార్టర్స్‌లో ఓడిన నాలుగూ తమలో తాము ఆడుకుంటే ఇంకో రెండింటికి సీటు దొరుకుతుంది. మన దేశం నుంచి సీనియర్ జట్టేదీ, ఆడవాళ్లదైనా మగవాళ్లదైనా, ఇంతవరకు ప్రపంచ కప్ ఆడలేదు. ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టు ఆ గుమ్మం దాకా వెళ్లే ఏర్పాటు ఈసారి ఉందన్నమాట.

వీళ్లు ఇక్కడిదాకా వచ్చిన తీరు కూడా గుర్తు పెట్టుకోవాలి. 2022లో మనం ఆతిథ్య దేశం కాబట్టి ఊరికే దొరికింది. ఈసారి సంపాదించుకున్నారు. 2025 జూన్, జూలైల్లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో అర్హత పోటీలు జరిగాయి. మంగోలియా మీద 13-0, తిమోర్-లెస్తే మీద 4-0, ఇరాక్ మీద 5-0. అవి చిన్న జట్లు, వదిలేయండి. చివరి మ్యాచ్ థాయిలాండ్‌తో, వాళ్ల గడ్డ మీద. అప్పటికి ఫిఫా ర్యాంకుల్లో మనం 70, వాళ్లు 46. 2015, 2019 ప్రపంచ కప్పులు ఆడిన జట్టది. సంగీతా బాస్ఫోర్ మొదటి సగంలో ఒక గోల్ కొట్టింది. బ్రేక్ అవ్వగానే వాళ్లు సమం చేశారు. మామూలుగా మన జట్లు చేతులెత్తేసేది అక్కడే. ఈ అమ్మాయిలు మాత్రం గంట దాటాక కూడా ముందుకే ఆడి, మళ్లీ సంగీత కాలితోనే రెండోది వేసి 2-1తో గెలిచారు. అర్హత పోటీల్లో నెగ్గి ఆసియా కప్‌కి వెళ్లడం మన ఆడవాళ్ల జట్టుకి అదే మొదటిసారి.

ఇక గొడవల సంగతి.

అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పెద్ద టోర్నీకి ముందు ఏ దేశం జట్టు చుట్టూ అయినా ఏదో ఒక రగడ ఉంటుంది. అది గేటు బయట ఉందా, లోపలికి వచ్చిందా అన్నదే నేను చూస్తాను. బయట ఎంత మోత మోగినా ఆటగాళ్లకి పట్టదు. కొన్నిసార్లు అదే వాళ్లని దగ్గర చేస్తుంది కూడా.

1962 జకార్తా ఆసియా క్రీడలు చూడండి. కోచ్ మన హైదరాబాదు రహీం సాబ్. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని రానివ్వని పోటీలకి ఆసియా క్రీడలన్న పేరెందుకని మన అధికారి ఒకాయన అన్నందుకు ఇండోనేషియా జనం మన మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మనవాళ్లు గ్రౌండ్‌లోకి వస్తే స్టేడియమంతా హేళన. ఆట చూస్తే, మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో పోయింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. సెప్టెంబరు 4న ఫైనల్, ఎదురుగా మళ్లీ అదే కొరియా. కుట్ల తల జర్నైల్‌ని ఫార్వర్డ్‌గా ఆడించారు రహీం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1, బంగారు పతకం. జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. అంత గోలలోనూ వాళ్లకి వినపడిన గొంతు ఒక్కటే, రహీందే. తొమ్మిది నెలలకి ఆయన పోయారు.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ క్రికెట్‌ది. మా ఊరిది కాబట్టి చెప్పక తప్పదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ మా విజ్జీ, విజయనగరం మహారాజ్‌కుమార్. విజ్జీ స్టేడియం పక్కనుంచి వెళ్లే పిల్లలకి ఆ పేరు వెనక కథ తెలియదు. మొదటి టెస్ట్ ఇంకా మొదలవ్వకముందే, జట్టులో మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరు చెప్పి ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఇంకోపక్క సి.కె. నాయుడు వర్గం, కెప్టెన్ వర్గం అని జట్టు రెండుగా చీలింది. మూడు టెస్టుల్లో రెండు తొమ్మిదేసి వికెట్ల తేడాతో పోయాయి. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కి 203 పరుగులు కొట్టి ఒకటి డ్రా చేయించారు. ఆటగాళ్లకి ఆట రాక కాదు కదా అదంతా? చీలిన జట్టులో కూడా ఇద్దరు మనుషులు ఒక పూట గొప్పగా ఆడగలరు. సిరీస్ గెలవడం మాత్రం అయ్యేపని కాదు.

మన స్థాయిలో నేను చూసినదొకటి చెప్తాను. ఒకసారి రాష్ట్రస్థాయి మీట్‌కి ఆడపిల్లల్ని తీసుకెళ్లాం. జెర్సీలు ముందు రోజు రాత్రి వచ్చాయి, అవీ మగపిల్లల సైజులు, మోకాళ్ల దాకా. గుంటలు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. జడలకున్న రబ్బరు బ్యాండ్లు తీసి నడుం పక్కన జెర్సీని గుప్పెడు పట్టి ముడేసుకున్నారు. టీఏ డబ్బులు రాలేదు. పడుకున్న హాల్లో ఫ్యాన్ తిరగదు. పొద్దున్నే ఆడి శుభ్రంగా గెలిచారు. మర్నాటి మ్యాచ్‌కి జట్టుతో వచ్చిన ఒక పెద్దమనిషికి తానూ కోచింగ్ ఇవ్వాలనిపించింది. బంతి వస్తే లైన్ బయటికి కొట్టెయ్యమని నేను, అలా కొట్టకుండా మిడ్‌ఫీల్డ్‌కి పాస్ ఇమ్మని ఆయన. మా స్టాపర్ పిల్ల, అంటే గోల్ ముందు కాపలా ఉండే డిఫెండర్, బంతి కాలికి తగలగానే ఒకసారి నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది. ఈలోగా అవతలి ఫార్వర్డ్ బంతి లాక్కుని గోల్‌లో వేసేసింది. జెర్సీలు, డబ్బులు, ఫ్యాన్ చెయ్యలేని పని ఆ రెండు చూపులు చేశాయి.

అప్పటినుంచి ఏ జట్టు గురించి గొడవ అని చదివినా నాకు వచ్చే మొదటి అనుమానం అదే: బంతి కాలికి తగిలినప్పుడు వీళ్లు ఎవరి వైపు చూస్తారు?

2023 మహిళల ప్రపంచ కప్ అయితే ఈ విషయానికి పాఠ్యపుస్తకమే. దక్షిణాఫ్రికా అమ్మాయిలు డబ్బుల దగ్గర, పిచ్ బాగాలేదన్న దగ్గర పట్టుబట్టి బయల్దేరేముందు ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడం పొమ్మన్నారు. ఫెడరేషన్ అప్పటికప్పుడు వేరే పిల్లల్ని పోగేసి దింపింది, అందులో 13 ఏళ్ల పిల్ల కూడా ఉంది. అక్కడి మోట్సెపే ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ డబ్బు సర్దడంతో విమానం ఎక్కేలోపు తగువు తీరింది. అక్కడికెళ్లి ఇటలీని 3-2తో ఓడించి ప్రీక్వార్టర్స్‌కి చేరారు. జమైకా జట్టుకి ఖర్చులకి డబ్బు లేక ఒక క్రీడాకారిణి తల్లి ఇంటర్నెట్‌లో చందాలు పోగేసింది. ఆ జట్టు ఫ్రాన్స్‌తో, బ్రెజిల్‌తో 0-0గా డ్రా చేసుకుని బ్రెజిల్‌ని గ్రూపులోనే ఇంటికి పంపింది. నైజీరియాలో కోచ్‌కీ ఫెడరేషన్‌కీ బహిరంగంగానే మాటల యుద్ధం. వాళ్లు ఆతిథ్య ఆస్ట్రేలియాని 3-2తో కొట్టారు.

మరి కెనడా? ఒలింపిక్ స్వర్ణం ఉన్న జట్టు. వాళ్ల గొడవా డబ్బు దగ్గరే మొదలైంది. తేడా ఏమిటంటే, అక్కడ కోత శిక్షణ రోజుల మీద, సిబ్బంది మీద పడింది. నెలలు గడిచినా తెగలేదు. గ్రూపు దశలోనే, ఆస్ట్రేలియా చేతిలో 0-4తో ఓడి వెనక్కి వచ్చారు. మళ్లీ అదే కెనడా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంతకంటే పెద్ద మచ్చతో దిగింది. న్యూజిలాండ్ ప్రాక్టీస్ మీద డ్రోన్ ఎగరేసి పట్టుబడ్డారు, కోచ్‌ని తప్పించారు, ఆరు పాయింట్లు కోశారు. అయినా మూడు గ్రూపు మ్యాచులూ గెలిచి క్వార్టర్స్ చేరారు. పరువు పోయింది గానీ ప్రాక్టీస్ పోలేదు మరి.

స్పెయిన్‌ని మాత్రం ఎవరైనా ఉదాహరణగా తెస్తే నమ్మకండి. 15 మంది క్రీడాకారిణులు ఈ పరిస్థితుల్లో ఆడలేమని ఈమెయిల్ పెడితే, అందులో ముగ్గురే తిరిగొచ్చి ప్రపంచ కప్ ఆడారు. అయినా గెలిచారు. వాళ్ల బెంచి మీద కూర్చునే అమ్మాయి ఇంకో దేశంలో స్టార్. మనకి ఆ వైభవం లేదు.

ఇప్పుడు మన లిస్టు చూద్దాం.

మగవాళ్ల లీగ్ ఫిబ్రవరి 14 దాకా మొదలవ్వకపోవడం, మగవాళ్ల జట్టు 2025 అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి తమ ఆసియా కప్ ఆశ పోగొట్టుకోవడం, మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ మీద కోర్టు వ్యవహారాలు, టీవీ చర్చలు... ఇవన్నీ గేటు బయటివే. అమ్మాయిలకి ఒక రకంగా మేలే జరిగింది. అందరి కళ్లూ అటు ఉన్నాయి కాబట్టి వీళ్ల నెత్తిన టెన్షన్ పెట్టేవాళ్లు లేరు. నన్నడిగితే ఇది మనసులో పెట్టుకోవాల్సిన విషయమే కాదు.

బయటి గొడవ ఒక్కోసారి గేటు బద్దలుకొట్టుకుని వస్తుంది, అదీ నిజమే. 2022 ఆగస్టులో ఫెడరేషన్ పాలనలో బయటివాళ్ల జోక్యం ఉందని ఫిఫా మన దేశాన్ని సస్పెండ్ చేసింది. సరిగ్గా అప్పుడు గోకులం కేరళ అమ్మాయిల జట్టు ఆసియా క్లబ్ పోటీ కోసం తాష్కెంట్‌లో దిగి ఉంది. ఏ సంబంధమూ లేని గొడవకి వాళ్లు ఒక్క మ్యాచ్ ఆడకుండా వెనక్కి వచ్చారు. సస్పెన్షన్ ఆ నెలాఖరుకే ఎత్తేశారు, ఆ పిల్లల పోటీ మాత్రం పోయింది కదా. అదే ఏడాది జనవరిలో నవీ ముంబైలో జరిగిందాన్నే మీరు గుర్తు చేస్తున్నారు. ఇరాన్‌తో 0-0 డ్రా అయ్యాక జట్టులో కోవిడ్ పాకి, తైపీ మ్యాచ్‌కి కావాల్సిన 13 మంది కూడా మిగల్లేదు. మొత్తం టోర్నీ నుంచే తప్పుకున్నట్టు లెక్కగట్టారు. అది తగువూ కాదు, చేతగానితనమూ కాదు. ఈసారికి దాన్ని ముడిపెట్టకండి.

కోచ్ మార్పు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: టైమింగ్ నాకు నచ్చలేదు. థాయిలాండ్‌ని ఓడించింది క్రిస్పిన్ ఛెత్రి దగ్గర. ఆయన స్థానంలో జనవరిలో కోస్టారికా నుంచి అమీలియా వాల్వెర్డే వచ్చింది. అక్టోబరులో షిల్లాంగ్‌లో ఇరాన్ చేతిలో, నేపాల్ చేతిలో ఓడాక పైవాళ్లకి భయం పట్టి ఉంటుందనుకుంటాను. మార్చేదేదో అప్పుడే మారిస్తే నాలుగు నెలలు చేతిలో ఉండేవి. ఫ్రాన్స్ 2023 మార్చిలో కోచ్‌ని మార్చి జూలైలో ప్రపంచ కప్ ఆడి క్వార్టర్స్ చేరిందంటారు. ఆ అమ్మాయిలు వారం వారం యూరప్ క్లబ్బుల్లో ఆడేవాళ్లు. వాళ్లకి కోచ్ వచ్చి అమరిక చెప్తే చాలు, దమ్ము కొత్తగా తేవక్కర్లేదు.

మనిషి ఎంపిక మాత్రం బాగుంది. 2015 ప్రపంచ కప్‌కి కోస్టారికాని తీసుకెళ్లినప్పుడు ఆమెకి 28 ఏళ్లు. ఆ చిన్న దేశం స్పెయిన్‌తో 1-1, దక్షిణ కొరియాతో 2-2 డ్రా చేసుకుంది. 2023లో జపాన్ చేతిలో ఓడింది, 0-2తో. జపాన్‌ని రెండు గోల్స్ దగ్గర ఆపి చూపించిన మనిషి మన బెంచి మీద కూర్చుంటోంది. పెద్ద జట్ల ముందు చిన్న జట్టుని ఎలా నిలబెట్టాలో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

రెండు నెలల్లో ఏం నేర్పొచ్చు? దమ్ము పెంచలేం, అది ఏడాది పని. బంతి మీద మొదటి టచ్ మార్చలేం, అది పదేళ్ల వయసులో అయ్యే పని. నలుగురు డిఫెండర్లూ ఒకే గీత మీద కదలడం నేర్పొచ్చు. కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో నేర్పొచ్చు, మన ఫ్రీకిక్‌లకి రెండు మూడు ప్లాన్లు కట్టొచ్చు. చిన్న జట్లు గెలిచే మ్యాచులు ఎక్కువగా అక్కడే తేలతాయి. మణిపూర్, ఒడిశా, తమిళనాడు, హర్యానా, బెంగాల్ పిల్లలకి స్పానిష్ మాతృభాష ఉన్న కోచ్ చెప్పింది ఆటలో అరక్షణంలో గుర్తురావాలి. అందుకని తక్కువ మాటలు, ఎక్కువసార్లు. అలా చేస్తోందనే నా ఆశ.

నాకు నిజంగా భయం ఉన్నది లీగ్ దగ్గర. ఇది మాత్రం గేటు లోపలి సమస్య. పేపర్లు దీన్నే పట్టించుకోవు. మన మహిళల లీగ్ 2024-25 సీజన్‌లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకి 14 మ్యాచులు. అంతే, ఏడాదికి. జపాన్ లీగ్‌లో 12 జట్లు, ఒక్కోదానికి 22 మ్యాచులు, పైన కప్పు పోటీలు. ఈ సీజన్‌లో మనది డిసెంబరులో మొదలై కొన్ని వారాలు ఆడి ఆసియా కప్ కోసం ఆగింది. శిక్షణ శిబిరం ఎంత మంచిదైనా దానిలో 75వ నిమిషం ఉండదు. కాళ్లు బరువెక్కి, ఊపిరి అందక, స్కోరు ఒకటీ ఒకటీ ఉన్నప్పుడు బంతి ఎటు కొట్టాలన్నది మ్యాచ్‌లోనే తెలుస్తుంది. పైగా ఆ మ్యాచ్‌కి పాయింట్లు ఉండాలి. కెనడాని ముంచింది ఇలాంటి కోతే. మన దగ్గర ఎవరూ కోయలేదు, కోయడానికి సరిపడా మ్యాచులు అసలు ఎప్పుడూ ఇవ్వనే లేదు.

మ్యాచుల వారీగా నా అంచనా. మార్చి 4న పెర్త్‌లో వియత్నాం. వాళ్లు 2023 ప్రపంచ కప్ ఆడారు. మూడూ ఓడినా అమెరికాని మూడు గోల్స్ దగ్గర ఆపారు. ఏళ్ల తరబడి ఒకే కోచ్ కింద కలిసి ఆడుతున్న జట్టు. ఒంటి బలంలో మనం తీసిపోం, పాస్‌ల లెక్కలో తీసిపోతాం. మనకి నూటికి 40 పాళ్లు అనుకోండి, అందులో డ్రా కూడా కలిపి. 7న అక్కడే జపాన్. నాలుగు లోపు ఆపితే నా లెక్కలో అది మంచి రోజు. 10న సిడ్నీలో తైపీ. ఒకప్పుడు 1977 నుంచి 1981 దాకా వరుసగా మూడు ఆసియా కప్పులు గెలిచిన దేశం. ఇప్పుడు ఆ ఊపు లేదు గానీ మనకంటే ర్యాంకులో మెరుగే. మనం గెలవగలిగే మ్యాచ్ ఇదే. ఇంకో సౌకర్యం ఏమిటంటే మన గ్రూపు అందరికంటే చివర ఆడుతుంది. మిగతా గ్రూపుల్లో మూడో స్థానం ఎన్ని పాయింట్ల దగ్గర ఆగిందో తెలిశాకే మనవాళ్లు దిగుతారు. డ్రా చాలా, గెలవాలా, ఎన్నితో గెలవాలి అన్నది ముందే చేతిలో ఉంటుంది. మొత్తం మీద క్వార్టర్స్‌కి మూడింట ఒక వంతు అంటాను. నా తోటి పీడీలు కొందరు అంత కూడా ఇవ్వరు.

మొదటి ఇరవై నిమిషాలు చూస్తే మీకే తెలిసిపోతుంది. మన డిఫెండర్ బంతి అందుకుని వెంటనే ఆడితే కోచ్ మార్పు జట్టుకి ఒంటబట్టిందన్నట్టే. తలెత్తి బెంచి వైపు చూస్తుంటే ఒంటబట్టలేదు.

మీ అమ్మాయి సంగతి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడి అమ్మాయి ప్యారీ శాశా మంగోలియా మీద ఒక్క మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టింది. ఒడిశా క్లబ్బు 2023-24లో మహిళల లీగ్ గెలిచింది. అక్కడ హాస్టల్ ఉంది, గ్రౌండ్ ఉంది, రోజూ ఆడటానికి ఇంకో పదిమంది ఉన్నారు. మన జిల్లాల్లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్ల ముందు తప్ప బంతి బయటికి రాదు. ఇక్కడినుంచి మనుషులు రారని కాదు. ఆమదాలవలస దగ్గర పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలోనే కాంస్యం ఎత్తింది. ఫుట్‌బాల్‌లో తెలుగు పిల్ల కావాలంటే గుగులోత్ సౌమ్య ఉంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. జూనియర్లలో అండర్-20, అండర్-17 అమ్మాయిలు కూడా తమ తమ 2026 ఆసియా కప్పులకి అర్హత తెచ్చుకున్నారు. మీ అమ్మాయి వయసుకి దగ్గరి మెట్టు ఆ అండర్-17. దాని వార్తలు కూడా చదివించండి.

వింగ్‌లో ఆడే పిల్ల కాబట్టి వియత్నాం మ్యాచ్‌లో బంతి వెంట కళ్లు పరిగెత్తించకుండా, బంతి లేనప్పుడు మన వింగర్ ఎక్కడ నిలబడుతోందో చూడమనండి. పెర్త్ టైం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం మ్యాచ్ అంటే మనకి స్కూల్ నుంచి వచ్చే వేళే. పరీక్షలు దగ్గరపడ్డాయని వాళ్లమ్మ అంటుందేమో. తొమ్మిదే కదా, పది కాదు, ఒక్క సాయంత్రం చూడనివ్వండి.